పదహారు అధ్యాయాలకు నాలుగేళ్లు

1924. మన్యంలో పితూరీ అణిగిపోయింది. నర్సీపట్నంలో పోలీసుల డేరాలు ఒక్కొక్కటే ఎత్తేస్తున్నారు. కొండల మీంచి అడ్డాకు మోపులు మళ్లీ సంతకి దిగుతున్నాయి. మిషన్‌లో బైబిల్ ఉమన్‌గా నాకది పద్నాలుగో ఏడు.

ఈ ఉద్యోగం సంగతి ఇప్పటివాళ్లకి తెలీదు కాబట్టి చెబుతాను. బైబిల్ ఉమన్ అంటే పాదిరి కాదు, పంతులమ్మా కాదు. పాదిరి గారు వీధి అరుగు దాటి లోపలికి వెళ్లలేని ఇళ్లుంటాయి. అక్కడికి మేం వెళ్తాం. పెరట్లోనో వంటింటి గుమ్మంలోనో కూర్చుని ఆడవాళ్లకి బైబిలు చదివి వినిపిస్తాం. అక్షరాలు కావాలన్నవాళ్లకి అక్షరాలు చెబుతాం. సంచిలో పోర్షన్లు పెట్టుకుని తిరుగుతాం. పోర్షన్ అంటే ఒక్క సువార్తని విడిగా కుట్టిన పల్చటి పుస్తకం. నెలాఖరుకి మిషన్ నడిపే దొరసాని గారికి రిపోర్టు ఇవ్వాలి. అందులో నాలుగు గడులు: తిరిగిన ఇళ్లు, విన్నవాళ్లు, చదివిన అధ్యాయాలు, బాప్తిస్మానికి సిద్ధమైనవాళ్లు.

మూడో గడి అంటే నాకు పిచ్చి. మా జిల్లాలో ఉన్న బైబిల్ ఉమన్‌లందరిలో నెలకి ఎక్కువ అధ్యాయాలు నావే. రూతమ్మ నోరు నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో ఆగని మెయిలు అని పాదిరి అయ్యగారే ఎగతాళి చేసేవారు. నేను దాన్ని మెప్పు కిందే తీసుకునేదాన్ని. వినేవాళ్లు తలూపుతుంటే చదువుకుంటూ పోవడమే. ఎవరు ఎందుకు ఊపుతున్నారో చూసే తీరిక నాకెక్కడిది.

బలిఘట్టం దారిలో ఒక వాడ ఉంది. అక్కడి ఆడవాళ్లు అడ్డాకు విస్తళ్లు కుట్టి బతుకుతారు. ఆ ఏడు వానలు పడే ముందు ఒకనాడు వాళ్ల మధ్య కూర్చుని గడగడా చదువుతుంటే, మూల నుంచి ఒకావిడ తలెత్తకుండానే అంది.

"ఆగు. ఆ మాట మళ్లీ సెప్పు."

పద్నాలుగేళ్లలో నన్ను ఆగమన్న మనిషి లేదు. అర్థం కాక అడిగిందనుకుని ఇంకో నాలుగు మాటలు కలిపి వివరించబోయాను. నీ మాటలొద్దు, ఆ మాటే మళ్లీ సెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పించుకుంది. నాకు ఒళ్లు మండింది. ఆ మధ్యాహ్నం అధ్యాయం పూర్తికాలేదు.

ఆమే నూకాలమ్మ. నలభై దాటిన వయసు. భర్త పోయాడు, పిల్లలు లేరు. పక్క ఇల్లు అన్న అప్పన్నది. వదినతో ఏదో గోడ తగాదా వచ్చి ఆరేళ్లుగా మాటల్లేవు. నూకాలమ్మ నోరు మంచిది కాదని వాడంతా చెప్పుకునేది. నిజమే, నాకూ రెండుసార్లు రుచి చూపించింది. అక్షరాలు నేర్పమంది. నలభై ఏళ్లకి అక్షరాలేమిటని వాడలో నవ్వారు. విస్తరి కుట్టే వెదురు పుల్లతో చిరిగిన ఆకుల మీద గీసుకుంటూ, ఆరు నెలల్లో గుణింతాలు దాటి కూడబలుక్కుని చదవడం పట్టేసింది.

మరుసటి ఏడు, 1925లో, సంక్రాంతి వెళ్లాక, సువార్తల్లో అన్నిటికంటే చిన్నదాన్ని ఆమె చేతిలో పెట్టాను. పదహారు అధ్యాయాలు. బాప్తిస్మం కావాలని అప్పటికే ఆమే అడిగింది. మా సంఘంలో కట్టడి ఏమిటంటే, చదవడం వచ్చిన పెద్దవాళ్లు ఏదో ఒక సువార్త పూర్తిగా చదివి, ఏడాదికోసారి జరిగే ఎగ్జామినేషన్లో సంఘ పెద్దల ముందు జవాబులు చెప్పాలి. తప్పితే బాప్తిస్మం లేదు. బాప్తిస్మం లేకపోతే రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గరకి రానివ్వరు, చచ్చాక మా సమాధుల దొడ్డిలో చోటూ ఉండదు. నెలకి రెండు అధ్యాయాల చొప్పున ఎనిమిది నెలల్లో తేల్చేద్దామని నేను లెక్క వేసుకున్నాను.

ఆమె చదివే తీరు ఇది. పొద్దున్నే ఆకు ముందేసుకుని కూర్చునేది. పోర్షన్ విప్పి ఒక్క వాక్యం, ఒక్కోనాడు సగం వాక్యమే, పైకి చదివేది. మూసేసేది. ఇక విస్తళ్లు కుట్టడం. కుడుతున్నంతసేపూ పెదాల మీద అదే మాట. మధ్యాహ్నానికి ఆ మాట పట్టుకుని దేవుడితో మాట్లాడేది, పక్కింటివాడితో మాట్లాడినట్టే, కొన్నిసార్లు పోట్లాడినట్టే. ఆ తర్వాత కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేది. మర్నాడు అదే మాట మళ్లీ తీసేది. ముందుకు నడవమని నేను చెబితే, ఎండాకు మీద నీళ్లు జల్లి గోనె కప్పకుండా పుల్ల గుచ్చితే సిరిగిపోద్ది, మాటా అంతే, మెత్తబడాల అని నాకే పాఠం చెప్పేది.

మొదటి అధ్యాయంలో ఒక చోట జ్వరంతో పడుకున్న ఆడమనిషిని ప్రభువు చెయ్యి పట్టుకుని లేపుతాడు. అక్కడ ఆమె పన్నెండు రోజులు ఆగింది. నాకు చచ్చేంత విసుగు. పదమూడో రోజు వెళ్లేసరికి ఇంట్లో లేదు. పక్కింట్లో ఉంది. వదిన వారం రోజులుగా మంచం పట్టి ఉందట. ఆరేళ్ల మాటలు లేని వదిన్ని చెయ్యి పట్టుకుని లేపి, గోడకి ఆనించి కూర్చోబెట్టి, గంజి తాగిస్తోంది. అప్పన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను చూసి ఆనందించాను. అయినా రిపోర్టులో ఆ నెలకి నూకాలమ్మ పేరుకి ఎదురుగా సగం అధ్యాయం కూడా లేదని ఏడ్చిందీ నేనే.

గంజి తాగించినంత మాత్రాన అన్న కరిగిపోలేదు. కులపెద్దలు అతన్ని నిలదీశారు. నీ చెల్లెలు ఆ పుస్తకం మానుతుందా, నువ్వు ఆమెని మానుకుంటావా అన్నారు. నూకాలమ్మ అప్పటికి మూడో అధ్యాయం చివర్లో ఉంది. తల్లీ తమ్ముళ్లూ వచ్చి బయట నిలబడి ఆయన్ని పిలిపించే చోటు. సరిగ్గా ఆ వారమే అప్పన్న నలుగురిని వెంటేసుకుని వచ్చి ఆమె వాకిట్లో నిలబడి పిలిచాడు. నేను లోపలే ఉన్నాను. ఆమె బయటికి వెళ్లి మర్యాదగానే చెప్పింది, నీ మాట వింటాను అన్నా, ఈ ఒక్కటి తప్ప అని. ఆనాటి నుంచి పెళ్లికీ పేరంటానికీ పిలుపు లేదు. నుయ్యి వేరు, నిప్పు వేరు. ఆ చోటు దాటడానికి ఆమెకి రెండు నెలలు పట్టింది. ఈసారి మాత్రం తొందరపెట్టడానికి నాకే నోరు రాలేదు.

కానీ ఎగ్జామినేషన్ ముంచుకొచ్చింది. ఏడాది గడిచింది, ఆమె నాలుగో అధ్యాయం గుమ్మంలో ఉంది. అప్పుడు నేను మా ఉద్యోగంలో అందరూ చేసే తప్పే చేశాను. ప్రశ్నోత్తరాల కాగితం తీసుకొచ్చి నలభై జవాబులు ఆమెకి బట్టీ పట్టించాను. విస్తళ్లు కుడుతూ తనే పాటలు కట్టే బుర్ర కదా, పది రోజుల్లో ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది. గెలిచానని అనుకున్నాను.

ఆవేళ మిషన్ గుడిలో బల్ల వెనక అయ్యగారు, దొరసాని గారు, సంఘ పెద్ద దానియేలు గారు కూర్చున్నారు. దానియేలు గారు తాలూకా కచేరీలో గుమాస్తా. ఏడాదికోసారి బైబిలు మొదటి నుంచి చివరిదాకా ముగించి, అట్ట లోపల ఒక గీత గీసుకునే మనిషి. అప్పటికి పన్నెండు గీతలు. నూకాలమ్మ మొదటి అయిదు ప్రశ్నలకీ తడుముకోకుండా చెప్పింది. ఆరోది, ప్రభువు ఎలా చనిపోయాడు అని. ఆమె ఆగింది.

"దానికి నేనింకా రానేదండి" అంది.

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నేను వెనక నుంచి చీర లాగాను. నిన్న చెప్పావు కదే అని గొణిగాను. ఆమె నా వైపు తిరిగి, అందరికీ వినపడేలా, నిన్న నోటితో సెప్పాను, ఇక్కడ అలా సెప్పకూడదు అంది. మళ్లీ వాళ్ల వైపు తిరిగి, మూడు అధ్యాయాల దాకా వచ్చాను, అక్కడిదాకా ఏదడిగినా చెబుతానని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

దానియేలు గారు బల్ల మీద చెయ్యి చరిచారు. సిలువ సంగతి తెలియని మనిషికి బాప్తిస్మమా, పసిపిల్లలకి కూడా తెలుసే అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, వినడానికి అలాగే ఉంది. మొన్న శుభ శుక్రవారం నాడు కూడా ఈమె గుడికి రాలేదని ఎవరో అందించారు. అదీ నిజమే, తాను అక్కడికి వచ్చేదాకా వినకూడదని ఆ రోజు ఆకుల కోసం వెళ్లిపోయింది. దొరసాని గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఇంకొక సంవత్సరం ఇస్తాను, అప్పటికి పూర్తి చేయనిచో రిజిస్టరు నుండి పేరు తీసివేయుదుము, నీ పని కూడా ఆలోచించవలసి వచ్చును రూతమ్మా అన్నారు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు, మాట మాత్రం కత్తి.

బయటికి వచ్చాక చెట్టు కింద నూకాలమ్మని నానా మాటలూ అన్నాను. అన్న దూరమయ్యాడు, కులం పోయింది, ఇక్కడా పోగొట్టుకున్నావు, రెంటికీ చెడ్డ రేవడివయ్యావు అన్నాను. ఒక్క జవాబు చెబితే నీ సొమ్మేం పోయిందని అడిగాను. ఆమె కోప్పడలేదు. నన్ను అప్పా అనేది, వాళ్ల మాటలో అక్కా అని.

"అప్పా, ఆయన సచ్చిపోతాడని నాకు తెల్దేటి? మా నాన్న కూడా సచ్చిపోతాడని నాకు ముందే తెలుసు. తెలవడం ఏరు. సచ్చిన రోజు ఏరు."

ఆ మాట నాకు ఎక్కలేదు. మర్నాటి నుంచి నా మెయిలు బయల్దేరింది. రోజూ వెళ్లి నేనే రెండేసి అధ్యాయాలు ముందుకి చదివేద్దామని కూర్చున్నాను. రెండో రోజు ఆమె ఆకులు పక్కన పెట్టి, లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నేను వాకిట్లో కూర్చుని తలుపుకి చదువుతున్నానని తెలియడానికి నాకు పావుగంట పట్టింది. వాడ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతున్నారు. తల తీసేసినట్టయింది.

పుస్తకం మూసి తలుపు తట్టాను. నీ దారినే చదువు, నేను వింటాను అన్నాను. ఓడిపోయి అన్న మాటే, పశ్చాత్తాపం ఏమీ కాదు.

ఆమె అప్పుడు తుఫాను చోట ఉంది. పడవ మునిగిపోతోంది, ఆయన నిద్రపోతున్నాడు. తల కింద తలగడ ఉందని రాసి ఉంది అక్కడ. ఆమె ఆ ఒక్క తలగడ దగ్గర వారం కూర్చుంది. నేనూ రోజూ ఒక గంట పక్కన కూర్చుని ఆకులు తుడిచి ఇచ్చాను. ఎవరు పెట్టుంటారు తలగడ అని నన్ను అడిగింది. ఆ భాగం నేను ఎన్ని వందలసార్లు చదివానో లెక్కలేదు, తలగడ ఉందనే నాకు గుర్తులేదు. పగలంతా ఊళ్లోవాళ్ల రోగాలూ గోలలూ మోసి మనిషి ఒళ్లు తెలియకుండా పడుకున్నాడని ఆమె నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. చివరికి కళ్లు మూసుకుని చేసిన ప్రార్థన ఇంతే: "నిద్దరపో తండ్రీ. నా గోల రేపు సెప్తాను."

పదిహేనేళ్లుగా నేను ఆయన్ని లేపుతూనే ఉన్నాను, అది కావాలి, ఇది కావాలి, నా రిపోర్టు నిండాలి అని. ఆ వారం ఇంటికి వెళ్లి నా బైబిలు తీసి, ఒక్క వాక్యం చదివి మూసేశాను. ఏమీ జరగలేదు. మర్నాడు మళ్లీ అదే చదివాను. నాలుగో రోజుకి ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

ఆ ఏడంతా నా రిపోర్టులో మూడో గడి చిక్కిపోయింది. దొరసాని గారు రెండుసార్లు కబురు పెట్టారు. ఒంట్లో బాగోలేదా అని అడిగారు. బాగానే ఉందండీ, ఇప్పుడే బాగుంది అన్నాను.

1927లో రెండో ఎగ్జామినేషన్ నాటికి నూకాలమ్మ అయిదో అధ్యాయంలో ఉంది. పన్నెండేళ్ల జబ్బు మనిషి గుంపులో వెనకగా వచ్చి ఆయన బట్ట ముట్టుకునే చోటు. ఈసారి ప్రశ్నోత్తరాల కాగితం నేను ఇంట్లోనే వదిలేశాను. అదే బల్ల, అదే ముగ్గురు. దానియేలు గారి అట్ట లోపల పదమూడో గీత. అయ్యగారు అదే ప్రశ్న అడిగారు, ఆమె అదే జవాబు చెప్పింది. దానియేలు గారికి ఓర్పు నశించింది. రెండేళ్లలో అయిదు అధ్యాయాలా, నేను ఈపాటికి రెండుసార్లు మొత్తం ముగించాను అన్నారు.

నూకాలమ్మ ఆయన్ని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు చూసింది. ఎగతాళి ఏ కోశానా లేదు, అది నేను ప్రమాణం చేసి చెబుతాను.

"ముగించారు బాబూ. మరి ఇప్పుడెక్కడున్నారు?"

ఆయన ఆదికాండంలో అనో, ఇంకెక్కడో అనో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చెవుల దాకా ఎర్రబడి, చదువు రాని ఆడదానితో మాటలు పడడానికి రాలేదని లేచిపోబోయారు. అయ్యగారు తల దించుకుని తన చేతుల్లో ఉన్న బైబిలు వైపు చూస్తున్నారు. దొరసాని గారు రిజిస్టరు తెరిచి, ఎర్ర సిరాతో నూకాలమ్మ పేరు మీద గీత గీశారు.

నేను అప్పటిదాకా దొరసాని గారి ముందు గట్టిగా మాట్లాడి ఎరుగను. ఆవేళ మాట్లాడాను. అమ్మగారూ, పదిహేనేళ్లు వేల అధ్యాయాలు రాసిచ్చాను, మీరు సంతోషించారు, అందులో విన్న మనిషి ఒక్కతే, ఆ ఒక్కదాని పేరే కొట్టేశారు, ఇంక ఆ గడిలో నేను అంకెలు రాయను అన్నాను. నీవు మిషన్ కట్టడిని ధిక్కరించుచున్నావు అన్నారావిడ. అవునండీ అన్నాను.

పదిహేను రోజుల్లో నన్ను నర్సీపట్నం నుంచి తీసేసి మాకవరపాలెం వేశారు. పెద్ద దూరం కాదు, ఒక పూట నడక. కానీ బలిఘట్టం దారి వైపు వెళ్లకూడదని ఆర్డరు. నూకాలమ్మ బాప్తిస్మం సంగతి అంతటితో సరి అన్నారు. ఆమె ఒంటరిదైపోయింది. కులం లేదు, సంఘం లేదు, చెప్పేవాళ్లు లేరు. రెండుసార్లు దారినపోయేవాళ్లతో కబురు పంపింది. ఒకటి, ఏడులో ఉన్నాను. ఇంకొకటి, తొమ్మిదిలో, సదువు సులువైంది, నేనే బేగి ఎల్లకుండా ఆపుకుంటున్నాను. నేను ఆ కబుర్లు పట్టుకుని వారాల తరబడి బతికాను.

1928 చివర్లో, కోతలవేళ, ఒక పొద్దున్నే నేను వాకిలి తుడుస్తుంటే ఆమె వచ్చింది. చెప్పుల్లేని కాళ్లు, దుమ్ము, జుట్టు ముడి కూడా లేదు. వదిన పోయిందేమో అనుకున్నాను. అరుగు మీద కూలబడింది. మంచినీళ్లిస్తే పక్కన పెట్టేసింది.

"ఆయన్ని సంపీసారప్పా" అంది.

ఏడుపు, మన ఇంట్లో మనిషి పోతే ఏడ్చే ఏడుపే. మధ్యమధ్యలో చెప్పుకుంది. తలగడ మీద పడుకున్న మనిషి. చెయ్యి పట్టుకుని లేపిన మనిషి. అందరూ పారిపోయారు, ఆడవాళ్లు కొందరు దూరంగా నిలబడి చూశారు. వాళ్లతో పాటు నేనూ నిలబడ్డాను, మూడు రోజులైంది, ఇంక నిలబడలేక నీ దగ్గరికి వచ్చాను అంది.

ఆ చావు సంగతి నేను ఎన్ని వాకిళ్లలో చెప్పాను. చిటికెలో చెప్పేసి, అర్థమైందా అమ్మా అని అడిగి, తర్వాత ఇంటికి వెళ్లిపోయేదాన్ని. ఎన్నడూ నా కంట్లో చుక్క రాలేదు. ఆ రోజు అరుగు మీద ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. నాలుగేళ్లు ఒక మనిషితో కలిసి తిరిగి పోగొట్టుకున్న దుఃఖం ఆమెది. నాది ఆమెని చూసి వచ్చింది, అంతకంటే నాకు అర్హత లేదు.

అయితే నాకు తెలుసు కదా, ఇంకా ఒక అధ్యాయం ఉందని. ఓదార్చాలి కదా. నోరు తెరిచాను. ఆమె చెయ్యి నా నోటి మీద పడింది.

"సెప్పకు. నేనే ఎల్తాను."

చెప్పడమే నా ఉద్యోగం. చెప్పకుండా ఉండడానికి పడినంత కష్టం నా జన్మలో పడలేదు. ఆమె మా ఇంట్లో అయిదు రోజులుంది. పోర్షన్ ఒళ్లో మూసే ఉంది. తినమంటే రెండు ముద్దలు తినేది. నేను రౌండ్లకి వెళ్లి వచ్చేదాన్ని, ఏ ఇంట్లోనూ ఆ పుస్తకం తెరవబుద్ధి కాలేదు, ఆడవాళ్లతో కష్టసుఖాలు మాట్లాడి లేచేదాన్ని. ఇంట్లో ఆవిడ పక్కన పప్పు ఏరుతూ కూర్చుని, పళ్లు బిగించి, ఒక్క మాట చెప్పలేదు. ఒక్క వాక్యం చదివితే ఈ ఏడుపు ఆగిపోతుందని తెలిసీ చెప్పలేదు. అది తప్పో ఒప్పో అప్పుడు నాకు తెలీదు.

ఆరో రోజు పొద్దున్న మొహం కడుక్కుని పుస్తకం తెరిచింది. నేను వంటింట్లోంచి వింటున్నాను. ఆడవాళ్లు పొద్దున్నే బయల్దేరారు. సమాధికి అడ్డంగా ఉన్న రాయి ఎవరు దొర్లిస్తారని మాట్లాడుకుంటున్నారు. అక్కడ ఆగింది. ఆవేళకి అక్కడే ఆగిపోతుందేమోనని నా ప్రాణం పోయింది. ఆగలేదు. తర్వాతి వాక్యం చదివింది. రాయి అప్పటికే పక్కకి ఉంది. ఆ మాట మూడుసార్లు చదివింది. నేను వెళ్లి చూసేసరికి పుస్తకం గుండెకి పెట్టుకుని నిలబడి ఉంది. ఆ మొహం ఎలా ఉందో రాయగలిగితే నేను ఇన్ని మాటలు రాయకపోదును.

"నడప్పా, ఎల్దాం" అంది. ఎక్కడికని అడిగితే, అయ్యగారి కాడికి అంది. ఆర్డరు సంగతి నాకు గుర్తుంది. గుర్తుండే బయల్దేరాను.

మధ్యాహ్నానికి నర్సీపట్నం చేరాం. అయ్యగారు గుడి వసారాలో కూర్చుని ఉన్నారు. నూకాలమ్మ నమస్కారం పెట్టి ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడడగండయ్యగారూ."

ఆయన అడిగారు, ప్రభువు ఎలా చనిపోయాడమ్మా అని. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మొదటి అధ్యాయం జ్వరం దగ్గర నుంచి మొదలుపెట్టింది. దొరసాని గారు నన్ను చూసి కోపంగా వచ్చి, నిలబడి, తర్వాత కూర్చున్నారు. కచేరీ నుంచి దానియేలు గారు వచ్చారు. ఎండ వాలేసరికి ఆమె రాయి దగ్గరికి వచ్చింది. అయ్యగారు తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. దానియేలు గారు మెల్లిగా, వినలేదని కాదు గానీ పేరు రిజిస్టరులో కొట్టేసి ఉంది, పద్ధతి ప్రకారం వచ్చే ఏడు అన్నారు. మా అయ్యగారు మెత్తని మనిషి, ఎవరికీ ఎదురు చెప్పి ఎరగరు.

"కొట్టేసింది మనం. మళ్లీ నేను రాస్తాను" అన్నారు.

దొరసాని గారు తన కలం తీసి ఆయనకి ఇచ్చారు. ఆ ఆదివారం బలిఘట్టం దిగువన వరాహ నదిలో నూకాలమ్మకి బాప్తిస్మం అయింది. అప్పన్న గట్టు మీద నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు, అలాగని పోనూ లేదు. ఆమె నీళ్లలోంచి లేచి వచ్చేసరికి వదిన పొడి చీర పట్టుకుని అందరి ముందూ దిగి వచ్చింది. కులపెద్దలు ఏమంటారని ఎవరో అంటే, ఏటంటారో అననీ అంది.

ఆ తర్వాత నేను ఇంకో పదకొండేళ్లు పనిచేశాను. మూడో గడి ఖాళీగానే ఇచ్చాను. మొదట్లో రెండుసార్లు తాఖీదు వచ్చింది, ఆ తర్వాత దొరసాని గారు అడగడం మానేశారు. నూకాలమ్మ నాకు నేర్పింది చెప్పాలంటే ఇదే: చదివి వినిపించడం సగం ఉద్యోగమే, అవతలి మనిషి దారిలోంచి తప్పుకోవడం మిగతా సగం. ఏడాదిలో బైబిలు ముగించామని ఇప్పటికీ ఎవరైనా వచ్చి చెబుతుంటారు. మంచిదే, నేను కాదనను. ఎక్కడ ఆగిపోయావమ్మా అని అడుగుతాను. ఎక్కడా ఆగలేదండీ అని గర్వంగా చెబితే, అయితే మళ్లీ మొదలుపెట్టు అంటాను.